లీజు లారీ ఎవరి సొంతం?

కర్నూలు నుంచి ఒక పెద్దాయన గత నెల మా కార్యాలయానికి ఉత్తరం వ్రాశారు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు. వారి పెద్దల్లుడు అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రంలో ఒక రవాణా కంపెనీకి జీతం మీద లారీ నడుపుతున్నాడు. పధ్నాలుగు నెలల అనుభవం ఉంది. ఇప్పుడు ఆ కంపెనీయే అతనికి ఒక బేరం పెట్టింది: వాడిన లారీ ఒకటి ఇస్తాం, వారం వారం కట్టుకుంటూ పో, మూడేళ్ళకు బండి నీది, బ్యాంకు అక్కర్లేదు, వడ్డీ లేదు, పాత అప్పుల చరిత్ర అడగం. మొదట కట్టవలసిన సొమ్ముకూ, చేతిఖర్చుకూ కలిపి ఎనిమిది లక్షలు తక్కువ పడ్డాయి. అడిగింది అల్లుడు కాదు, కూతురు. తల్లి గాజులు అమ్మి పంపవచ్చునా, ఇది నిజంగా వడ్డీ లేని వ్యాపారమేనా అని వారి ప్రశ్న.

అల్లుడి అవసరానికి అత్తగారి గాజులు అమ్మడం గురించి మాకు చెప్పవలసినది చాలా ఉన్నది కాని అది మరో సంపాదకీయం. ఇక్కడ లారీ సంగతికే పరిమితమవుతాము. ఈ ప్రశ్న ఆయన ఒక్కరిదే అయివుంటే జాబు వ్రాసి ఊరుకునేవారము. మినియాపోలిస్, కొలంబస్ నగరాల సోమాలీ ముస్లిములు, సెయింట్ లూయిస్‌లో స్థిరపడిన బోస్నియా శరణార్థులు, చికాగో పరిసరాల ఉజ్బెకులు, కాలిఫోర్నియాలో పంజాబీ సిక్కులు లారీల మీదే బ్రతుకు నిలుపుకుంటున్నారు. కొత్తగా వచ్చినవానికి, పెద్ద చదువు లేనివానికి, ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చినవానికి గౌరవంగా నాలుగు డాలర్లు ఇచ్చే పని అది. చికాగో డెవాన్ అవెన్యూ వీధిలో ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడుకునే మన కుటుంబాల పిల్లలు కొందరు టాక్సీ స్టీరింగు విడిచి లారీ స్టీరింగు పట్టుకుంటే ఆశ్చర్యపడవలసినది లేదు.

మనం లారీ అంటున్నదానిని అక్కడివారు సెమీ ట్రక్కు అంటారు. ముందు ఇంజనూ క్యాబినూ ఉన్న ట్రాక్టరు, దాని వెనుక యాభైమూడు అడుగుల ట్రైలరు. సరుకుతో కలిపి ఎనభై వేల పౌండ్ల వరకు, అంటే ముప్పై ఆరు టన్నులకు పైగా తూగుతుంది. దానిని స్వయంగా కొని స్వయంగా నడుపుకునే మనిషి ఓనర్ ఆపరేటర్. డ్రైవర్ కం ఓనర్ అన్న మాట మనకూ కొత్త కాదు. ప్రభుత్వ పథకాల పేర్లలోనూ విన్నాము. జీతగాడు యజమాని కావాలనుకోవడంలో తప్పేమీ లేదు, మేము ఆ కోరికను గౌరవిస్తాము. యజమాని అవుతున్నాననుకుంటూ మునుపటికన్నా చెడ్డ జీతగాడుగా మారిపోయే దారి ఒకటి ఉన్నదే అన్నది మా బాధ.

ఈ బేరంలో సంతకాలు రెండు చోట్ల పడతాయి. మొదటి కాగితంతో డ్రైవరు, కంపెనీ వద్దనో దాని అనుబంధ సంస్థ వద్దనో లారీని లీజుకు తీసుకుంటాడు. రెండవ కాగితంతో అదే లారీని, తనతో సహా, అదే కంపెనీకి తిరిగి లీజుకు ఇస్తాడు. ఎందుకంటే రాష్ట్రాల మధ్య సరుకు రవాణా చేసే అనుమతి కంపెనీ పేర ఉన్నది, డ్రైవరు పేర లేదు. ఈ రెండవ సంతకంతో అతడు ఉద్యోగి కాకుండా పోయి స్వతంత్ర కాంట్రాక్టరు అవుతాడు. పేరు బాగానే ఉన్నది. కాని స్వతంత్రుడైన ఈ మనిషికి ఏ వారం ఎన్ని మైళ్ళ పని దొరకాలో కంపెనీ డిస్పాచరు నిర్ణయిస్తాడు. లారీ కిస్తీ ఎంతో కంపెనీ నిర్ణయిస్తుంది. రాబడి, బాకీ రెండూ ఒకే చేతిలో ఉన్న ఋణదాతను మన పల్లెల్లో ఏమని పిలుస్తారో పాఠకులకు చెప్పనక్కర్లేదు. కూలీ ఇచ్చేవాడూ అప్పిచ్చేవాడూ ఒకడే అయిన చోట పాలేరుతనం ఎలా పుడుతుందో మన తాతలు చూశారు.

ఇక లెక్కకు వద్దాము. ఇది మేము అనుకుని వేసిన లెక్క మాత్రమే. కాగితం మీది అంకెలు ఎవరికి వారు పెట్టుకుని చూసుకోవచ్చు.

ఐదు లక్షల మైళ్ళు తిరిగిన ఒక వాడిన లారీ బజారు ధర 55,000 డాలర్లు అనుకుందాము. కిస్తీ వారానికి 650 డాలర్లు, మూడేళ్ళు, అంటే 156 వారాలు. చివర బండిని పేరున వ్రాయించుకోవడానికి మరో 8,000. మొత్తం 1,09,400 డాలర్లు. వడ్డీ అన్న మాట కాగితంలో ఎక్కడా ఉండదు. కాని 55,000 విలువచేసే వస్తువుకు వారం వారం ఈ విధంగా కడితే అది సాలుకు నూటికి సుమారు 49 వడ్డీతో సమానం. మన భాషలో చెప్పాలంటే నెలకు నూటికి నాలుగు రూపాయల వడ్డీ. కర్నూలు పెద్దాయనకు నాలుగు రూపాయల వడ్డీ అంటే ఏమిటో మేము వివరించనక్కర్లేదు. ఆయన ఉద్యోగ జీవితమంతా ఆ వడ్డీకి దూరంగా ఉండాలనే ప్రయత్నించి ఉంటారు.

వారం రాబడి కూడ చూద్దాము. కంపెనీ తన వాటా మినహాయించుకున్న తరువాత 2,300 మైళ్ళకు 3,600 డాలర్లు వచ్చాయనుకుందాము. గాలనుకు ఆరున్నర మైళ్ళ చొప్పున 354 గాలన్ల డీజిలు; గాలను 3 డాలర్ల 80 సెంట్లయితే 1,345 డాలర్లు. లారీ కిస్తీ 650. మరమ్మతు నిధికి మైలుకు పది సెంట్లు, 230. బీమాలు 200. నంబరు ప్లేట్లు, పర్మిట్లు, టోలు, పని గంటలు నమోదు చేసే ఎలక్ట్రానిక్ యంత్రం అన్నీ కలిపి 125. మిగిలేది 1,050 డాలర్లు. అక్కడి చట్టం ఎనిమిది రోజుల్లో గరిష్ఠంగా డెబ్బై గంటల డ్యూటీ వరకే బండి నడపనిస్తుంది. చాలామంది ఆ గంటలన్నీ వాడుకుంటారు. డెబ్బై గంటలకు పంచితే గంటకు పదిహేను డాలర్లు. ఉద్యోగికైతే సాంఘిక భద్రత పన్నులో సగం యజమాని కడతాడు. స్వతంత్రునికి మొత్తం 15.3 శాతం తన నెత్తినే. ఆదాయపు పన్ను వేరు. భారీ వాహనాలకు ఏటా కట్టే కేంద్ర పన్ను 550 డాలర్లు వేరు. వైద్య బీమా అతని తంటా.

ఇది బండి ఆగకుండా తిరిగిన వారం కథ. బండి షెడ్డులో నిలబడిన వారం రాబడి సున్న, కిస్తీ మాత్రం 650, బీమా 200. ఆ వారం వచ్చే సెటిల్‌మెంటు చీటీలో అంకె ముందు మైనస్ గుర్తు ఉంటుంది. జీతపు చీటీ మీద మైనస్ గుర్తు చూడటం ఏమిటో జీతగాడికి ఊహకు కూడ అందదు.

బండి షెడ్డుకు పోకుండా ఉంటుందా? వాడిన బండి ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించండి. పెద్ద కంపెనీలు కొత్త లారీ కొని సాధారణంగా నాలుగైదేళ్ళు నడుపుతాయి. తయారీదారు వారంటీ ముగియవచ్చే వేళకు దాన్ని వదిలించుకుంటాయి. ఆ తరువాతనే ఇంజెక్టర్లు, టర్బో, క్లచ్చి ఒక్కొక్కటే మొదలవుతాయి. 2007 తరువాత వచ్చిన కాలుష్య నిబంధనల వల్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు, 2010 నుంచి యూరియా ద్రావణంతో పొగను శుద్ధిచేసే వ్యవస్థ చేరాయి. గాలికి మంచిదే. పాత బండిలో మాత్రం వీటి సెన్సరు ఒకటి చెడితే ఇంజను తన వేగం తానే తగ్గించుకుని రోడ్డు పక్కన ఆగిపోతుంది. బాగుచేయించడానికి వేల డాలర్లు. ఇంజను పూర్తిగా విప్పి కట్టవలసి వస్తే పదుల వేలు. మైలుకు పది సెంట్ల చొప్పున ఏడాదంతా పోగుచేసిన నిధి అందులో సగానికి కూడ రాకపోవచ్చు. అంటే వారంటీ ఉన్న ఆరోగ్యకరమైన ఆయుష్షు కంపెనీ అనుభవించింది, ముసలితనపు వైద్య ఖర్చు డ్రైవరుకు అప్పగించింది. తప్పుకుందామంటే అప్పటిదాకా కట్టినదంతా అద్దె కింద జమ. ఆ లారీయే మరుసటి వారం మరొక ఆశావహునికి, మళ్ళీ మొదటి వారం నుంచి.

ఇవి మా అనుమానాలు మాత్రమే కావు. లాస్ ఏంజిలిస్, లాంగ్‌బీచ్ రేవులలో 2008 నుంచి పాత డీజిలు లారీలను క్రమంగా నిషేధించారు. కొత్తవి కొనే శక్తి లేని డ్రైవర్లకు, ఎక్కువమంది లాటిన్ అమెరికా వలసవారు, కంపెనీలు లారీలు కొని లీజుకు ఇచ్చాయి. 2017లో యుఎస్ఏ టుడే పత్రిక ఈ సంగతిని బయటపెట్టినప్పుడు, వారమంతా నడిపి వారాంతానికి కంపెనీకే బాకీపడినవారి కథలు లోకానికి తెలిశాయి. న్యూ ప్రైమ్ అనే పెద్ద రవాణా కంపెనీపై ఒలివేరా అనే డ్రైవరు వేసిన దావా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. లీజు కిస్తీలు మినహాయిస్తే కొన్ని వారాలు తన చేతికి కనీస వేతనం కూడ రాలేదని, ఒక్కొక్కసారి తానే ఎదురు బాకీ పడ్డానని అతని వాదన. న్యాయస్థానానికి పోకుండా ప్రైవేటు మధ్యవర్తి వద్దే తేల్చుకోవాలని ఒప్పందంలో ఉన్నదని కంపెనీ అన్నది. స్వతంత్ర కాంట్రాక్టరు అని పేరు పెట్టినంత మాత్రాన రవాణా కార్మికునికి 1925 నాటి మధ్యవర్తిత్వ చట్టంలోని మినహాయింపు పోదని 2019 జనవరిలో న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చారు. 2021 నాటి మౌలిక వసతుల చట్టం కింద లారీ లీజులపై ఒక కార్యదళం ఏర్పడింది. అది 2025 జనవరి నివేదికలో, ఇటువంటి లీజు కొనుగోలు పథకాలను అక్కడి పార్లమెంటు నిషేధించాలని సిఫారసు చేసింది. సరిదిద్దమనలేదు, నిషేధించమన్నది.

మన పత్రిక ప్రత్యేకంగా పట్టించుకోవలసిన విషయం ఇంకొకటి ఉన్నది. ఇలినాయ్‌లోనే ఒక రవాణా కంపెనీ ఇద్దరు సోమాలీ ముస్లిం డ్రైవర్లను, మద్యం రవాణా చేయము అన్నందుకు 2009లో పనిలోంచి తీసివేసింది. సమాన ఉద్యోగావకాశాల కమిషను వారి పక్షాన కోర్టుకు వెళ్ళింది. 2015 అక్టోబరులో పియోరియా నగరంలోని జ్యూరీ ఇద్దరికీ కలిపి 2,40,000 డాలర్లు ఇప్పించింది. అమెరికాలో మతస్వేచ్ఛకు కార్మికుని స్థాయిలో దక్కిన గెలుపుగా దానిని మేము కూడ సంతోషంగా తలచుకుంటాము. కాని ఆ గెలుపుకు పునాది 1964 నాటి పౌరహక్కుల చట్టంలోని ఏడవ అధ్యాయం. ఆ అధ్యాయం ఉద్యోగిని రక్షిస్తుంది, స్వతంత్ర కాంట్రాక్టరును కాదు.

లీజు లారీ ఎక్కిన ముస్లిం డ్రైవరు, బీరు లోడు వద్దు అన్నాడనుకోండి. అతన్ని ఎవరూ తీసివేయనక్కర్లేదు. సరే అని ఊరుకుని రెండు రోజులు మరో లోడు చూపకపోతే చాలు. మైళ్ళు తగ్గుతాయి, కిస్తీ తగ్గదు. మూడవ వారానికి అతడే బీరు లోడు అడిగి తీసుకుంటాడు, లేదా తాళం అప్పగించి ఇంటికి పోతాడు. జుమా నమాజుకు గంటసేపు ఆగే సంగతీ అంతే, రమజానులో ఇంటికి దగ్గరి రూట్లు అడిగే సంగతీ అంతే. జీతగాడుగా ఉన్నప్పుడు అతనికి ఉన్న ఒక హక్కు, యజమాని అన్న బిరుదుతో పాటు పోయింది. సంతకం పెట్టేటప్పుడు ఈ మాట ఎవరైనా అతనికి చెబుతారా?

ఇక వడ్డీ లేని బేరమేనా అన్న ప్రశ్న. మేము ముఫ్తీలము కాము, ఫత్వా మా పని కాదు. ఐనా లీజు అన్నది ఇస్లామీ వాణిజ్య శాస్త్రానికి పరాయిది కాదు. దానిని ఇజారా అంటారు. లీజు చివర సొంతమయ్యే పద్ధతికీ చోటు ఉన్నది. బహ్రెయిన్‌లోని ఆయోఫీ సంస్థ ఇస్లామీ ఆర్థిక సంస్థలకు రూపొందించిన ప్రమాణాలలో తొమ్మిదవది పూర్తిగా దీని గురించే. అందులోని మూల సూత్రం సామాన్యునికి సైతం అర్థమయ్యేది. వస్తువు ఎవరిదో దాని నష్టభయం వారిది. వస్తువు పనిచేయడానికి అవసరమైన ప్రధాన మరమ్మతు యజమాని భరించాలి. అద్దెకు తీసుకున్నవాని తప్పు లేకుండా వస్తువు పనికిరాకుండా పోతే ఆ కాలానికి అద్దె రాకూడదు. ఈ కొలబద్దతో కర్నూలుకు వచ్చిన కాగితాన్ని కొలవండి. బండి కంపెనీది, ఇంజను పోతే ఖర్చు డ్రైవరుది. బండి షెడ్డులో ఉన్నా కిస్తీ ఆగదు. యాజమాన్యపు లాభం ఒకరికి, యాజమాన్యపు కష్టం మరొకరికి. వడ్డీ అన్న పదం లేనంత మాత్రాన సందేహపడే మనసు కుదుటపడనక్కర్లేదు. పైగా ఈ పదం లేకపోవడాన్నే ఎరగా చేసి భక్తిపరులను పట్టే ఏజెంట్లు ఉంటారు. వారితో మరీ జాగ్రత్త.

మన దేశంలో ఈ వ్యవహారం అంతా చక్కగా ఉన్నదని చెప్పడం మా ఉద్దేశం కాదు. హైర్ పర్చేజ్ కొనుగోలుదారుల రక్షణకు 1972లో పార్లమెంటు చేసిన చట్టం అమలులోకి రాకుండానే మూడు దశాబ్దాలు పడి ఉండి, చివరకు 2005లో రద్దయిపోయింది. ఫైనాన్సు కిస్తీ తప్పితే అర్ధరాత్రి లారీని ఎత్తుకుపోయే మనుషులను మన లారీ యజమానులందరూ ఎరుగుదురు. ఐనా ఒక తేడా గమనించదగినది. ఇక్కడ ఫైనాన్సులో కొన్న బండి ఆర్సీ పుస్తకం మొదటి రోజు నుంచే కొన్నవాని పేర ఉంటుంది, ఫైనాన్సరు పేరు దాని మీద షరతుగా మాత్రమే ఎక్కుతుంది. బాకీ తీరాక ఫారం 35 పెట్టి ఆ షరతు కొట్టివేయించుకుంటాము. అక్కడి లీజు కొనుగోలులో టైటిలు చివరి డాలరు కట్టేదాకా కంపెనీదే. ఈ బండిని తెచ్చి మరో కంపెనీలో పెట్టి నడుపుకుంటానంటే కుదరదు. అది కుదరని చోట సొంతం అన్న మాటకు అర్థమేమిటి?

అందరూ నష్టపోతారని మేము అనము. మూడేళ్ళు పూర్తిచేసి బండి పేరున వ్రాయించుకున్నవారు ఉన్నారు. అప్పుల చరిత్రే లేని కొత్త వలసవానికి బ్యాంకు తలుపు తెరుచుకోదన్నదీ నిజమే. లారీలు అమ్మే స్వతంత్ర డీలరు వద్ద, రవాణా కంపెనీతో సంబంధం లేకుండా తీసుకునే లీజు కొంత మేలు, ఎందుకంటే కంపెనీ నచ్చకపోతే బండితో సహా మరోచోటికి పోవచ్చు. కాని పని ఇచ్చే కంపెనీయే బండి కూడ ఇచ్చే బేరం, అందులోనూ వారంటీ తీరిన బండి, పధ్నాలుగు నెలల అనుభవం మీద, అరువు సొమ్ముతో! మా దృష్టిలో దీనికి ఒప్పుకోకూడదు.

ఐనా అల్లుడు ఒప్పుకోదలిస్తే, అమెరికా చట్టం అతనికి ఇచ్చిన కొన్ని హక్కులు తెలిసి ఉండాలి. 1979 నాటి లీజు నిబంధనల ప్రకారం ప్రతి మినహాయింపు కాగితంలో ముందే చెప్పి ఉండాలి, దాని లెక్క డ్రైవరు చూడవచ్చు. ట్రిప్పు పత్రాలు అందించిన పదిహేను రోజుల్లో డబ్బు ఇవ్వాలి. సరుకు కిరాయిలో శాతం మీద డబ్బు ఇచ్చే పద్ధతైతే కిరాయి బిల్లు నకలు అడిగే హక్కు ఉన్నది. ఎస్క్రో అనే మరమ్మతు నిధికి మూడు నెలలకొకసారైనా వడ్డీ జమ చేయాలి, ఒప్పందం ముగిసిన నలభై ఐదు రోజుల్లో మిగులు తిరిగి ఇవ్వాలి. ఆ వడ్డీని ఏమి చేయాలో అతని మనస్సాక్షి చూసుకుంటుంది, కాని అసలు మాత్రం అడిగి తీసుకోవలసినదే. సంతకానికి ముందు కంపెనీకి సంబంధం లేని మెకానిక్కు చేత ఇంజను నూనె పరీక్ష చేయించాలి, ఇంజను కంప్యూటరు లోని చరిత్ర దింపించాలి. ఈ పరీక్షకు ఒప్పుకోని కంపెనీ దగ్గర మాట్లాడవలసినది ఇంకేమీ మిగలదు. ఒప్పందాన్ని అక్కడి కార్మిక న్యాయవాదికి చూపించాలి. ఆ ఫీజు ఒక వారం కిస్తీకి మించకపోవచ్చు.

పెద్దాయనకు మేము ఇలా జాబు వ్రాశాము. గాజులు అమ్మవద్దు. అల్లుణ్ణి మరో రెండేళ్ళు జీతం మీదే ఉండమనండి. ఈ కొత్త కిస్తీ తనపై పడిందనే అనుకుని, జీతంలో మిగిలినంత వారం వారం వేరే ఖాతాలో వేయమనండి. వేయలేకపోతే లీజు కిస్తీ కూడ కట్టలేడని ఆ ఖాతాయే చెబుతుంది. వారానికి ఐదు వందల చొప్పున వేయగలిగితే రెండేళ్ళకు యాభై రెండు వేల డాలర్లు. పూర్తి రొక్కానికి ఒక పాత లారీ వస్తుంది, టైటిలు మొదటి రోజే అతని పేర. తక్కువ పడితే అక్కడే ఉన్న బంధువు ఒకరితో వాటా కలుపుకోవచ్చు. లాభనష్టాలు వాటాల ప్రకారం అని ఇద్దరు సాక్షుల ముందు వ్రాసుకుంటే, అది ముషారకా, మన పెద్దలు ఎరిగిన పద్ధతే.

మొన్న వారి నుంచి తిరుగు టపా వచ్చింది. అల్లుడు కంపెనీని ఇంజను పరీక్షకు అనుమతి అడిగాడట. మరుసటి రోజే బేరం గడువు అయిపోయిందని వాళ్ళు చెప్పారట. అల్లునికి ఇంకా కోపంగానే ఉన్నదట. గాజులు మాత్రం బీరువాలోనే ఉన్నాయి.